దొంగపాయ

ఏప్రిల్ 27

నదికి పరీక్ష పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక పొద్దున్నించీ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను.

కస్కమెగ్ నదికి రెండు పక్కలా ఉన్న అడవిని కలప కంపెనీ కొన్నది కాబట్టి నది కూడా కంపెనీదేనట. మా రాష్ట్రంలో పాత న్యాయం ఒకటుంది. దుంగ తేలి కిందికి పోగలిగిన నీరు రహదారి కింద లెక్క. ఎవరి భూమిలోంచి పారినా అది అందరిదీ. ఆ న్యాయం పుట్టిందే దుంగల వ్యాపారుల కోసం. తమ సరుకు పేదవాడి పొలం పక్కనుంచి పోవాలి గనక ఆనాడు వాళ్ళకు అది ముద్దొచ్చింది. ఈనాడు అదే న్యాయం మా పడవలకు అక్కరకొచ్చేసరికి, ఎగువ నది అసలు నదే కాదంటున్నారు. పాతకాలంలో ఆనకట్టలు కట్టి, నీళ్ళు నిలవచేసి, ఒక్కసారి వదిలితేనే దుంగలు కదిలాయట. ఆనకట్టలు పోయాయి గనక నదీ పోయిందట. మిగిలింది వాళ్ళ పెరటి కాలవట. పై సరస్సుకు పోయే దారికి గేటు పెట్టారు, సరస్సు మూతి దగ్గర నీళ్ళమీద ఇనప తాడు కట్టారు.

జడ్జి గారికి రెండు పక్షాల వాదనా విని విసుగొచ్చినట్టుంది. నదినే అడుగుదాం అన్నాడు. ఏ ఆనకట్టా లేని వసంతపు నీటిమీద, ఇద్దరు మనుషులు, వారం సరుకుతో, కనూలో, అంటే పాతకాలపు సన్నటి తెడ్డు పడవలో, పై సరస్సు నుంచి మా ఎడ్విజ్ ఊరి మిల్లు చెరువు దాకా రావాలి. తిండికీ నిద్రకీ ఒడ్డెక్కొచ్చు గాని, పడవనుగాని సరుకునుగాని ఎక్కడా ఒడ్డుమీద మోసుకుని ముందుకు పోకూడదు. వచ్చారా, నది జనానిది. రాలేదా, కంపెనీది.

ఇన్నేళ్ళు మా వారపత్రికలో ఈ కంపెనీ మీద రాశాను. అడవిమీద కలుపుమందు చల్లితే రాశాను. గేటు పెడితే రాశాను. కలంతో కానిది తెడ్డుతో కావాలంటే అలాగే కానీ. సాయంత్రం ఊళ్ళో నది కమిటీలో పడవ ఎవరు తీసుకెళ్తారని అడిగితే నేనే చెయ్యెత్తాను. వెనక నిలబడి గెడ పట్టేదెవరు అన్నారు. అందరూ బల్లకేసి చూశారు. అందరి బుర్రలోనూ ఒకటే పేరు. ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు.

ఏప్రిల్ 29

అడగను.

మే 1

అడిగాను. ఇది ఓటమి కాదు. ఉద్యమంలో సొంత గొడవలకు చోటు లేదు, అంతే.

నార్మన్ నా అన్న. ఈ నదిమీద చివరిసారి దుంగల్ని తేలించి కిందికి తోలిన జట్టులో అందరికన్నా చిన్నవాడు. ఆ తరవాత జీవితమంతా దుంగల లారీ నడిపాడు. నాకు పడని నాయకుడి పేరున్న టోపీ పెట్టుకుంటాడు, అది కూడా నన్ను చూశాకే సర్దుకుంటాడు. అడవిమీద మందు చల్లడం గురించి నేను రాసిన వ్యాసంలో లారీలవాళ్ళ ప్రస్తావన వచ్చినప్పటినుంచీ మామధ్య మాటల్లేవు. నేను రాసింది వ్యవస్థ గురించి. వ్యవస్థకీ వ్యక్తికీ తేడా తెలియనివాళ్ళతో ఏం చెప్పగలం.

షెడ్డులో పడవ బోర్లించి కాన్వాసుకు ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు. గోడకు ఆనించిన స్ప్రూస్ చెట్టు గెడకు కొత్త ఇనప పొన్ను తొడిగి ఉంది. చేపలకోసం అన్నాడు. సరే.

నేను చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పనివ్వలేదు.

"నువ్వు ముందు కూర్చుంటావు. నేను వెనక నిలబడతాను. నీళ్ళమీద ఉన్నంతసేపూ నాతో వాదించకు. ఒడ్డెక్కాక నీ ఇష్టం, చచ్చేదాకా వాదించుకో" అన్నాడు.

షరతులతో కూడిన ఐక్యత కూడా ఐక్యతే.

మే 8

రేపు బయలుదేరాలి. భయం లేదు. సామాను మూడుసార్లు విప్పి మళ్ళీ సర్దాను, అంతే.

మే 9

ఇనప తాడు కోర్టు ఉత్తర్వుతో విప్పారు. కంపెనీ మనిషే విప్పాడు. ఆ దృశ్యం మాత్రం బాగుంది.

మా వెనకాలే రబ్బరు తెప్ప వస్తుంది. దాన్ని నడిపేందుకు కంపెనీ మనిషి ఒకడు. సాక్షిగా థర్లో గారు, కోర్టు పంపిన మాజీ సర్వేయరు. బక్కపలచటి పెద్దావిడ. పలకరిస్తే తలూపుతుంది, అంతకు మించి ఖర్చుపెట్టదు. మూడోవాడు కంపెనీ లాయరు ఎల్‌డ్రిజ్. కొత్త బూట్లు, మర్యాదైన నవ్వు. వాళ్ళు ఎక్కడైనా దిగొచ్చు, తెప్పను మోసుకోవచ్చు. పరీక్ష మాకే.

మొదటి ఉరవడిలోనే మాకు తగువు వచ్చింది. అంటే, వాదించకూడదు గనక నా వంతు నేను మనసులో చేసుకున్నాను. నీళ్ళు లాగుతుంటే నేను తెడ్డు వేసి దూసుకుపోదామని చూశాను. వెనక నార్మన్ గెడను అడుగున ఆనించి పడవను పట్టి ఆపాడు. నీళ్ళు మమ్మల్ని దాటి పోతున్నాయి. మేము ఆవును మెట్లు దింపుతున్నట్టు ఒక్కో రాయీ చూసుకుంటూ దిగుతున్నాం.

మధ్యాహ్నం ఒడ్డున అడిగాను, ఈ వేగానికి కంపెనీ మనవలు కూడా ముసలివాళ్ళవుతారు కదా అని.

"నీటికంటే ముందు పోతే నీళ్ళు నిన్ను తోలతాయి. వెనక ఉంటే నువ్వు చూసుకుని పోతావు. నీ చేతిలో తెడ్డు పెట్టింది తోసుకుపొమ్మని కాదే, ముక్కు రాళ్ళకు కొట్టుకోకుండా చూడమని" అన్నాడు.

ఇది మితవాదం. అచ్చమైన మితవాదం. నీళ్ళు ముందుకు పోతుంటే అడుగున కర్ర గుచ్చి వెనక్కి లాగడం! వాళ్ళ రాజకీయమంతా ఇదే కదా. దీనిమీద వ్యాసం రాయొచ్చు.

(ఒక్క రాయి కూడా తగల్లేదు.)

మే 10

రోజంతా వాన. వాదించలేదు.  సాయంత్రం నార్మన్ బక్‌వీట్ పిండి కలిపి ప్లోయ్ అట్లు పోశాడు, ఒకవైపే కాల్చి, పైన కన్నాలు పడేటట్టు. అమ్మ పోసినట్టే ఉన్నాయి. ఆ మాట నేను అనలేదు.

మే 11

ఎండ వచ్చింది. నల్ల నుసుములూ వచ్చాయి. చెవుల వెనక, జుట్టు మొదట్లో, ఎక్కడ పడితే అక్కడ కొరుకుతున్నాయి. ఎల్‌డ్రిజ్ ముఖం రొట్టెలా పొంగింది. థర్లో గారిని ఒక్కటీ ముట్టలేదు. ఆవిడలో తినడానికి ఏమీ దొరక్కపోయి ఉంటుంది.

ఒడ్డు బండల్లో దిగ్గొట్టిన ఇనప కడియాలు కనిపించాయి, పాతకాలంలో దుంగల బారులు గొలుసుతో కట్టిన చోట. ఒక్కో కడియం వెనక ఎంత చాకిరీ, ఎంత తక్కువ కూలి, ఎన్ని చావులు అని మధ్యాహ్నం టీ దగ్గర మొదలుపెట్టాను. నార్మన్ విన్నాడు. విని, "అందులో రెండు నేను కొట్టినవే. ఆ వేళ సరదాగా ఉంది" అన్నాడు. దోపిడీకి గురైనవాడికి సరదా వేయడం కూడా దోపిడీలో భాగమే అన్నాను. అయితే నీకు ఇవాళ పొద్దున బండల మధ్య అంత నవ్వెందుకొచ్చిందే, ఎవరు దోపిడీ చేశారు నిన్ను అన్నాడు.

నేను నవ్వలేదు. నీళ్ళు ముఖాన కొడితే ముఖం అలా అవుతుంది.

ఒకటి మాత్రం రాసుకోవాలి. ఈ నది చచ్చిన కాలవ కాదు. నాలుగు దిక్కులా కరిగిన మంచు దీంట్లోకే వస్తోంది. ఏ ఆనకట్టా లేకుండా, ఎవరి దయా లేకుండా, దానంతట అది పారుతోంది. తొలిరోజు నేను దీన్ని మా కేసు అనుకున్నాను. ఇవాళ పడవ ముందు మోకాళ్ళమీద కూర్చుని చూస్తుంటే, కేసుకీ దీనికీ ఏమీ సంబంధం లేదనిపించింది. ఈ మాట పత్రికలో రాయను.

నీరు తగ్గుతోంది. రాత్రుళ్ళు చలి ఎక్కువై కొండమీద కరగడం మందగించింది. నార్మన్ గెడమీద తడి గీత చూసి, ఇంకో చోట దించి మళ్ళీ చూశాడు. రెండోసారి చూడటమే నాకు నచ్చలేదు. రేపు ఒనెజీమ్.

మే 12

ఇవాళ జరిగింది వరసలో రాయాలి. 

ఒనెజీమ్ అంటే ఈ నది మొత్తంలో అసలైన దూకుడు, నీళ్ళు నిలువునా కిందికి పడే చోటు. నది అక్కడ రెండుగా చీలుతుంది. కుడివైపు పెద్దపాయ, పాత ఆనకట్ట శిథిలాల మధ్య సందులోంచి కిందికి దూకుతుంది. ఎడమవైపు రాతిగుట్ట వెనక పొదల్లో ఇంకో సన్నపాయ. దూకుడుకు పైన, ఒడ్డుమీద చెక్క శిలువ. ఇరుక్కుపోయిన దుంగల ముద్దను విడదీస్తూ కొట్టుకుపోయిన ఒనెజీమ్ అనే కుర్రవాడిని అక్కడే పూడ్చారు. దుంగలమీద జారకుండా వేసుకునే అతని మేకుల బూట్లు కొమ్మకు కట్టారు. అవి కుళ్ళి రాలిపోతే తరవాతి జట్టువాళ్ళు వేరే జత కట్టారు. ఇప్పుడున్నవి ఎవరివో తెలియదు. మా ఊరివాళ్ళెవరూ అక్కడ ఆగకుండా పోరు. గెడ పట్టినవాడు దిగి, టోపీ తీసి, గెడతో బండమీద మూడుసార్లు తట్టి వస్తాడు.

పడవ ఒడ్డుకు తిరిగింది. వద్దు, దిగకు, వెనక లాయరున్నాడు అని అన్నాను. నీళ్ళమీద వాదన లేదు కదా. అతను దిగాడు. ఆ టోపీ, ఆ దిక్కుమాలిన టోపీ తీసి ఛాతీకి పెట్టుకున్నాడు. బండమీద తట్టాడు.

తెప్ప ఒడ్డుకు తగలకముందే ఎల్‌డ్రిజ్ మొదలుపెట్టాడు. తిండికీ నిద్రకీ కాకుండా మనిషి ఒడ్డెక్కాడు, గెడ ఒడ్డెక్కింది, గెడ సరుకులో భాగం, ఇక్కడ పడవ ఆగిపోయింది, పరీక్ష ముగిసింది అన్నాడు. నేను పడవలోంచే లేచి నిలబడ్డాను. పడవను మోశారా? లేదు. సరుకు దించారా? లేదు. మనిషి చచ్చినవాడికి దండం పెడితే అది రవాణానా? ఎంతసేపు సాగిందో తెలియదు, థర్లో గారు ఈలోగా మంట రాజేసి టీ కాచుకుంది. చివరికి ఆవిడ నోరు విప్పింది. పడవ ఆగిందని రాస్తాను, మోయలేదని కూడా రాస్తాను, ఇక్కణ్ణించి పోతుందో పోదో చూశాక అదీ రాస్తాను అంది. ఆ రాసిన దానికి జడ్జి ఏమంటాడో మాత్రం ఎవరికీ తెలియదు.

అప్పుడు నా కోపం అంతా అన్నమీదికి తిరిగింది. నది జనానిది కావడానికి ఊరు ఊరంతా చూస్తుంటే, ఎప్పుడో చచ్చిన ఒక్కడికోసం దాన్ని పణంగా పెట్టావు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

నార్మన్ నిదానంగా విన్నాడు.

"ఇతనికి టోపీ తియ్యకుండా పోతే, నేను గెలిచేది ఏ నదే?" అన్నాడు.

దీనికి జవాబు తప్పకుండా ఉంది.  వెతుకుతాను.

ఎల్‌డ్రిజ్ ఇంకా మర్యాదగా నవ్వుతూనే ఉన్నాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, అతను దాచుకున్నది అప్పుడు బయటపెట్టాడు.

"ఎలాగూ దిగారు గనక చెప్తున్నాను కొరిన్ గారూ. పెద్దపాయలో ఆ సందు ఉంది చూశారా, ఆనకట్ట కట్టేముందు బండ పేల్చి తీసింది అది, మనుషులు చేసింది. దాన్లోంచి మీరు పోయినా అది నది సహజంగా ఇచ్చిన దారి కాదు. మా వాదన అలాగే ఉంటుంది. అందులో ఇనప మేకులున్నాయి, ఊరికే ప్రాణాలమీదికి తెచ్చుకోకండి."

అంటే మొదటినుంచీ తెలుసు వాడికి. ఇక్కడిదాకా రానిచ్చి, ఇక్కడ తలుపు మూద్దామని. సందులోంచి పోతే మనుషులు చేసిన దారి. మోసుకుపోతే ఓటమి. శిథిలాల పైనుంచి దూకితే చావు.

నేనూ పడవ దిగాను.  బండమీద కూర్చున్నాను. పక్కన నార్మన్ నదికేసి చూస్తూ, ఎవరినో తిట్టకపోతే తోచనట్టు, ఎడమవైపు సన్నపాయను తిట్టడం మొదలుపెట్టాడు. దాని పేరు దొంగపాయ. మా ఊళ్ళో పిల్లలకు కూడా ఆ పేరు తెలుసు. అది దుంగల్ని దొంగిలించేదట. ఎంత కాపలా కాసినా పొదల్లోంచి దుంగల్ని లాక్కునేదట. చివరికి దాని నోటికి అడ్డంగా గొలుసుతో తేలే దుంగలు కట్టాల్సి వచ్చిందట. ఆ కట్టినవి కుళ్ళిపోయి ఎంతో కాలమైంది. ఏటా తోలుడు అయిపోయాక గుర్రాలతో వచ్చి, అది మింగినవాటిని బయటికి లాగడమే ఒక పని అన్నాడు. ముదనష్టపు పాయ అన్నాడు.

"ఎక్కణ్ణించి లాగేవాళ్ళు?" అన్నాను, ఊరికే.

"ఇంకెక్కడ, కింద మడుగులోంచి."

"ఏ మడుగు?"

"గుట్ట వెనక గుడ్డి మడుగు ఉంది కదే. అక్కడ నీళ్ళకు లాగు ఉండదు, దుంగలు మూతి దాటి మళ్ళీ నదిలో పడేవి కావు. దాంట్లోకి ఆ దొంగముండ నీళ్ళు తప్ప ఇంకే నీళ్ళూ రావు."

"అన్నయ్యా. పైన పోయిన దుంగలు కింద దొరికేవా?"

"ఆ."

"మధ్యలో ఎగిరి వెళ్ళేవా?"

అతను ఏదో అనబోయి ఆగాడు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. నుసుము ఒకటి లోపలికి పోయినట్టుంది, దగ్గాడు. థర్లో గారు టీ గ్లాసు కింద పెట్టి పెన్సిలు తీసింది.

దుంగ తేలిన నీరు రహదారి. మూడు తరాలుగా మేము దాన్ని దొంగ అని తిట్టుకుంటున్నాం. దాంట్లో పడవ పెట్టి చూసినవాడు లేడు. పెడితే పరువు పోతుంది, దొంగ చేతికి తాళాలిచ్చినట్టని. ప్రతి దుంగా దానిగుండా కిందికి పోయిందని మా తిట్టే చెబుతుంటే, ఒక్కరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు. వాదనే వృత్తిగా బతికే నాకు.

ఎల్‌డ్రిజ్ అవి విన్న కబుర్లు, సాక్ష్యం కాదు అన్నాడు. అయితే చూడండి అన్నాను.

నార్మన్ టోపీ పెట్టుకుని పడవ ఎక్కాడు. "ఇప్పుడు నీకు నోటితో పని ఉంది. రాయి ఎటుందో అది ఒక్కటే చెప్పు. ఎందుకుందో చెప్పకు" అన్నాడు.

పొదల్లోకి దూరగానే వెలుగు పోయింది. పాయ మా పడవకంటే పెద్ద వెడల్పేమీ లేదు. కొమ్మలు ముఖాన గీస్తున్నాయి, నేను పడవ అంచు కర్రమీద గడ్డం ఆనించి ఎడమ, ఎడమ, కుడి, ఆపు అని అరుస్తున్నాను. ఆపు అంటే ఆగింది! కింద నీళ్ళు పరిగెడుతున్నాయి, మేము నిలబడి ఉన్నాం, అతని గెడ చివరనుంచి వేలాడుతున్నట్టు. మళ్ళీ ఒక బారెడు వదిలాడు. మళ్ళీ ఆపాడు. దూసుకుపోయి ఉంటే మొదటి మలుపులోనే ముక్కలైపోయేవాళ్ళం. ఇది ఇక్కడ రాసుకుంటున్నాను, అతనికి చెప్పను.

మలుపు తిరిగేసరికి పడిపోయిన చెట్టొకటి అడ్డంగా ఉంది. నీటికి జానెడు ఎత్తులో. దిగి పడవ ఎత్తి దాటిస్తే ఓటమి.

వెనక్కి చూశాను. నార్మన్ గెడను రెండు రాళ్ళ మధ్య దించి దానిమీద మొత్తం ఒళ్ళు వాల్చాడు. పడవ నీళ్ళ నడుమ నిలిచిపోయింది. మెడమీద నరాలు తాళ్ళలా లేచాయి. గొడ్డలి అన్నాడు. అంతే అన్నాడు. నేను మోకాళ్ళమీద ముందుకు వంగి నరకడం మొదలుపెట్టాను. తడి చెక్క, మొద్దు గొడ్డలి. ప్రతి దెబ్బకీ పడవ ఊగుతుంది, ప్రతి ఊపునూ వెనక అతను మింగుతున్నాడు. తిట్టుకుంటూ నరికాను. కంపెనీని, లాయర్ని, గవర్నర్ని, ఆ టోపీమీదివాణ్ణి, దేవుణ్ణి. తిట్టడానికి మనుషులు అయిపోతే నన్ను కూడా. ఆ చెట్టు నా తిట్లకు విరిగిందో గొడ్డలికి విరిగిందో చెప్పలేను. విరిగింది. నీళ్ళు దాన్ని లాక్కుపోయాయి.

ఆ తరవాత కిందికి నాలుకలా జారిన ఒకే ఒక నున్నటి నీటి పట్టీ. వదులుతున్నాను అన్నాడు నార్మన్. మొదటిసారి గెడ ఎత్తేశాడు. నేను కేక పెట్టాను. భయంతో కాదు. పడవ ముక్కు గాల్లోకి లేచి, దబ్బున పడి, సగం మడుగు ఒళ్ళో పోసుకుని, తేలింది.

నిశ్శబ్దం. గుడ్డి మడుగు. అద్దంలాంటి నీళ్ళు, అవతలి చివర నదిలోకి తెరుచుకున్న మూతి. మేమిద్దరం నడుములోతు తడిసి పడవలో కూర్చుని ఉన్నాం. అప్పుడు కిందికి చూశాను. నా కింద, నీటి అడుగున, దుంగలు. అగ్గిపుల్లలు ఒంపినట్టు ఒకదానిమీద ఒకటి, పదులకొద్దీ, గుర్రాలకు అందక మునిగిపోయినవి. చల్లటి నీళ్ళలో చెక్క చెక్కుచెదరలేదు. మా పడవ కిందే ఉన్న దుంగ కోసిన ముఖంమీద సుత్తితో కొట్టిన ముద్ర. నక్షత్రం, పక్కన రెండు గాట్లు. ఎవరి దుంగ వాళ్ళది తెలియడానికి ఆ రోజుల్లో కొట్టే గుర్తు. ఈ కంపెనీ ఆఫీసు ముందు బోర్డుమీద ఈనాటికీ ఉన్న గుర్తు. పాత కంపెనీతోపాటు కొనుక్కున్నారు, వంశగౌరవం కోసం.

థర్లో గారు ఒడ్డు వెంట పొదలు చీల్చుకుంటూ వచ్చింది. ఎల్‌డ్రిజ్ ఆవిడ వెనక వచ్చాడు, కొత్త బూట్లలో నీళ్ళు పచక్ పచక్‌మంటున్నాయి. ఆవిడ బండమీద బోర్లా పడుకుని చాలాసేపు నీళ్ళలోకి చూసింది. లేచి మోచేతులు దులుపుకుంది.

"ఎల్‌డ్రిజ్ గారూ, వీటిని ఇక్కడికి ఎవరైనా మోసుకొచ్చి ఉంటారా?" అంది.

అతను బండమీద కూర్చుని ఒక బూటు విప్పి నీళ్ళు ఒంపాడు. ఆ మర్యాదైన నవ్వు లేదు.

నార్మన్ పడవలో నీళ్ళు తోడుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని చూశాను. నవ్వుతున్నాడు. "గుర్రాలతో లాగామే కొరీ. ఏటా లాగాం. ఒక్క వెధవకీ తట్టలేదు" అన్నాడు. నాకూ ఆగలేదు. ఇద్దరం పడవ మునిగేంత నవ్వాం. నీళ్ళమీద ఉన్నాం కాబట్టి ఎవరం వాదించలేదు.

మే 14

మిల్లు చెరువు. వంతెనమీద ఊరంతా ఉంది. పడవను మొయ్యలేదు, సరుకును మొయ్యలేదు. మా అన్నను భుజాలమీద మోస్తామన్నారు, మోయకూడదని రూలుందని తప్పించుకున్నాడు.

మే 15

నిద్ర.

జూన్ 6

తీర్పు. కోర్టు గదిలో నిలబడి విన్నాను. గెడ పట్టినవాడు ఒడ్డుమీద టోపీ తీయడం రవాణా కిందికి రాదన్నాడు జడ్జి. దుంగ తేలింది, పడవ తేలింది, ఈ నీరు దారి, దారికి గేటు ఉండదు అన్నాడు. ఇంత పొట్టిగా, ఇంత అందంగా నేను ఎన్నడూ రాయలేకపోయాను. కుళ్ళుకున్నాను.

నార్మన్ కోర్టుకు రాలేదు. ఫోన్ చేశాను. గెలిచాం అన్నాను. తెలుసు, ఆ రోజే గెలిచాం కదా అన్నాడు. తరవాత ఇద్దరం చాలాసేపు ఫోన్ పట్టుకుని ఊరుకున్నాం. మామధ్య మాటల్లేని ఏళ్ళన్నిట్లో ఇలాంటి మాటల్లేకపోవడం ఒక్కసారీ లేదు.

జూన్ 21

గేటు ఊడదీశారు. పై సరస్సు దగ్గర ఎన్ని పడవలో. కాన్వాసువి, ప్లాస్టిక్‌వి, ఎవరో పశువుల తొట్టికి తెడ్లు కట్టుకొచ్చారు. మందు చల్లడం గురించి నన్ను పత్రికలో తిట్టిన ఆవిడ నా చేతిలో బీన్స్ గిన్నె పెట్టింది. థర్లో గారు వచ్చింది, తలూపింది. ఒనెజీమ్ దగ్గర పడవలు బారులు తీరి ఆగాయి, ఒక్కొక్కరే దిగి, టోపీలు తీసి. దొంగపాయలో దూరడానికి వరసలో తగువులు.

విజయం గురించి వ్యాసం రాయాలి, పత్రికవాళ్ళు రెండుసార్లు అడిగారు. కూర్చున్నాను. కానీ అంతకంటే తొందరైన పని ఒకటి వచ్చిపడింది. నార్మన్ తన పడవకు మోటారు బిగిస్తానంటున్నాడు. ముసలివాళ్ళు ఏటికి ఎదురు ఎక్కలేరట, నది అందరిదీ అయితే నడుం నొప్పిగాళ్ళది కూడానట! ఊళ్ళో సగంమంది అతని వెనకే ఉన్నారు. ఆ మడుగులో ఆ నిశ్శబ్దంలో మోటారు! మా అన్న బుర్ర పూర్తిగా చెడింది. గురువారం చర్చి హాల్లో సభ పెట్టించాను. నేను ఇటువైపు మాట్లాడతాను, అతను అటువైపు. ఇప్పటికే పన్నెండు పేజీలు రాశాను, ఒక్క ముక్క కూడా వదలను వాణ్ణి.

గేటు ఉన్నన్నాళ్ళూ మాకు ఈ తగువు ఆడుకునే హక్కు కూడా లేదు.